ఆ మైనస్ లవం మొత్తానికీ వర్తిస్తుంది

ప్రశ్న: నేను చదువు ఆపేసి చాలా ఏళ్లయింది. హైస్కూల్లో ఉన్న మా అబ్బాయికి లెక్కలు చెబుదామని మళ్లీ పుస్తకం పట్టాను. బీజీయ భిన్నాల కూడికలు బాగానే వస్తున్నాయి. తీసివేతల దగ్గరికి వచ్చేసరికి నా జవాబూ పుస్తకం వెనకున్న జవాబూ కలవడం లేదు. మూడు లెక్కలు చేసి పంపుతున్నాను, ఎక్కడ పోతున్నాయో చూడండి. పైగా మావాడు ‘క.సా.గు. ఎందుకమ్మా, హారాలు రెండూ గుణించేస్తే పోలా’ అంటాడు. వాడు చెప్పేది తప్పని అనలేకపోతున్నాను, ఒప్పుకోవడానికీ మనసొప్పడం లేదు. గుర్తులు తప్పకుండా ఏదైనా చిట్కా ఉంటే చెప్పండి.
– ఒక అమ్మ

జవాబు:

అమ్మా,

చేసిన లెక్కలు కూడా జతచేసి మంచి పని చేశారు. ‘తీసివేతలు రావడం లేదు’ అని మాత్రమే రాసి ఉంటే నేనూ నాలుగు సూత్రాలు రాసి పంపేవాణ్ణి, అవి మీకు ఎందుకూ పనికొచ్చేవి కావు. మీ కాగితం చూస్తే హారాలు సమానం చేయడం మీకు వచ్చని తెలుస్తోంది. కారణాంకాలు విడగొట్టడమూ వచ్చు. మూడు లెక్కల్లో రెండు ఒకే చోట, ఒకే స్టెప్పులో పోయాయి. మిగిలిన ఒక్కటి వేరే కారణంతో పోయింది. దాని సంగతి తర్వాత చెబుతాను.

ముందుగా రాసే పద్ధతి గురించి ఒక మాట. మీరు ఎక్స్ అని రాసినచోట నేను ‘య’ అని రాస్తాను. భాస్కరాచార్యుడు 1150లో తెలియని రాశిని ‘యావత్తావత్’ అని, లెక్కలో కురచగా ‘యా’ అని రాసుకున్నాడు కనుక ఇదేం నా సొంత పైత్యం కాదు. భిన్నాలను ఒకే వరుసలో రాయాలి కాబట్టి అడ్డగీతకు బదులు ఏటవాలు గీత పెడుతున్నాను. మీరు నోటుబుక్కులో మామూలుగా పైనా కిందా రాసుకోండి. ఇలా ఒకే వరుసలో రాస్తే లవానికీ హారానికీ బ్రాకెట్లు పెట్టక తప్పదు. మీ మొదటి లెక్కకు మందు ఆ బ్రాకెట్లలోనే ఉంది.

మీ మొదటి లెక్క ఇది:

(5య + 1)/(య + 3) − (2య − 8)/(య + 3)

హారాలు ముందే సమానంగా ఉన్నాయి. హారాన్ని అలాగే ఉంచి లవంలోంచి లవం తీసేస్తే చాలు. మీరు రాసింది:

5య + 1 − 2య − 8 = 3య − 7

దాంతో (3య − 7)/(య + 3) వచ్చింది. పుస్తకంలో జవాబు 3. ‘య మొత్తం ఎటు పోయింది? అచ్చుతప్పేమో’ అని పక్కన పెన్సిల్‌తో రాశారు. అచ్చుతప్పు కాదు.

భిన్నంలో అడ్డగీత భాగహారానికి గుర్తు అని అందరికీ తెలుసు. అది ఇంకో పని కూడా చేస్తుంది. పైనున్న పదాలన్నిటినీ కలిపి ఒకే రాశిగా పట్టి ఉంచుతుంది, కిందున్నవాటినీ అంతే. గీత ఉన్నంతసేపూ అదే బ్రాకెట్, అందుకే మనం విడిగా బ్రాకెట్ పెట్టం. రెండు భిన్నాలనూ ఒకే గీత మీదికి తెచ్చినప్పుడు రెండో గీత చెరిగిపోతుంది. దాంతోపాటు ఆ బ్రాకెట్టూ పోతుంది. గీత చేసిన పని ఇప్పుడు మనం చేత్తో చేయాలి:

5య + 1 − (2య − 8)

ఇక్కడ తీసేయాల్సింది 2యను మాత్రమే కాదు, 2య − 8 అనే మొత్తాన్ని. బ్రాకెట్ విప్పితే 5య + 1 − 2య + 8. అంటే 3య + 9. దాన్ని 3(య + 3) అని రాస్తే కింద ఉన్న య + 3తో కొట్టివేత అయిపోయి 3 మిగులుతుంది.

మైనస్ 8ని తీసేస్తే ప్లస్ 8 ఎందుకవుతుందని మీవాడు అడిగితే బ్రహ్మగుప్తుడి మాట చెప్పండి. ఆయన 628లోనే ధన రాశుల్ని సొమ్ముగా, ఋణ రాశుల్ని అప్పుగా చూసి నియమాలు చెప్పాడు. నా లెక్కలోంచి ఎనిమిది రూపాయల అప్పు ఎవరైనా కొట్టేస్తే నా దగ్గరున్నది ఎనిమిది పెరిగినట్టే.

బ్రాకెట్ ఎంత ముఖ్యమో అంకెల్లో చూస్తే ఇంకా తేలిక. 9/10 − (2 + 3)/10 తీసుకోండి. తీసేయాల్సింది ఐదు పదో వంతులు, మిగిలేది 4/10. బ్రాకెట్ మరిచి 9 − 2 + 3 అని రాస్తే 10/10 వస్తుంది. తొమ్మిది పదో వంతుల్లోంచి తీసేశాక మొదట ఉన్నదానికంటే ఎక్కువ మిగిలిందన్నమాట! అంకెలు కనుక చూడగానే నవ్వొస్తుంది. య ఉన్నచోట అలా నవ్వు రాదు, తప్పు జవాబు కూడా పెద్దమనిషిలా కూర్చుంటుంది.

కూడికలు మాత్రం సరిగ్గా ఎలా వస్తున్నాయన్నది మీ అసలు అనుమానం. కూడికల్లోనూ మీరు బ్రాకెట్ పెట్టడం లేదమ్మా. బ్రాకెట్ ముందు ప్లస్ ఉంటే అది ఉన్నా లేకున్నా లోపలి గుర్తులు మారవు కాబట్టి అక్కడ నష్టం జరగలేదు, అంతే. అలవాటు రెండుచోట్లా ఒకటే, ఫలితమే వేరు. అందుకే ‘గుర్తులు జాగ్రత్తగా చూసుకోవాలి’ అని ఎన్నిసార్లు అనుకున్నా లాభం ఉండదు. జాగ్రత్త అనేది స్టెప్పు కాదు. బ్రాకెట్ పెట్టడం స్టెప్పు. రెండు భిన్నాల్ని ఒకే గీత మీదికి తెచ్చేటప్పుడు, లవంలో ఒకే పదం ఉన్నా సరే, మైనస్ తర్వాత ముందు బ్రాకెట్ తెరవండి, ఆ తర్వాతే లోపల ఏముందో చూసి రాయండి. బ్రాకెట్ విప్పడం తర్వాతి వరుసలోనే చేయాలి, అదే వరుసలో కాదు. మీరడిగిన చిట్కా ఏదైనా ఉందంటే ఇదే. ఇంతకంటే గొప్పది నా దగ్గర లేదు.

ఇప్పుడు మీరు మూడోదిగా పంపిన లెక్క. తప్పు ఇదే, కానీ మరింత మోసం చేసే రకం.

2య/(య² − 9) − 1/(య − 3)

య² − 9ని (య − 3)(య + 3)గా విడగొట్టారు, బాగుంది. ఉమ్మడి హారం అదే అని గుర్తించారు. రెండో భిన్నానికి పైనా కిందా (య + 3)తో గుణించాలనీ సరిగ్గా పట్టుకున్నారు. తర్వాత లవంలో 2య − య + 3 అని రాసి, య + 3 తెచ్చి, కింది య + 3తో కొట్టేసి, జవాబు 1/(య − 3) అన్నారు. పుస్తకంలో 1/(య + 3) ఉంది.

బ్రాకెట్ పెట్టి ఉంటే 2య − (య + 3) అయ్యేది. విప్పితే 2య − య − 3, అంటే య − 3. కింద (య − 3)(య + 3) ఉంది కాబట్టి య − 3 పోయి 1/(య + 3) మిగులుతుంది.

మీ తప్పు జవాబు కూడా ఎంత ముచ్చటగా వచ్చిందో చూశారా? కొట్టివేత చక్కగా కుదిరింది, చివర్లో చిన్న భిన్నం మిగిలింది. ‘ఇంత నీట్‌గా వచ్చింది కదా, సరే అయి ఉంటుంది’ అని ఎవరికైనా అనిపిస్తుంది. ఈ లెక్క తయారు చేసినవాళ్లకు ఆ సంగతి తెలిసే ఉంటుందని నా అనుమానం. జవాబు అందంగా రావడం సరైనదనడానికి సాక్ష్యం కాదు.

సాక్ష్యం కావాలంటే పుస్తకం వెనక్కి తిప్పనక్కర్లేదు. యకు ఏదో ఒక అంకె ఇచ్చి రెండువైపులా చూడండి. య = 5 అనుకుందాం. అసలు లెక్క 10/16 − 1/2. అది 5/8 − 4/8, అంటే 1/8. పుస్తకం జవాబు 1/(5 + 3), అదీ 1/8. మీ జవాబు 1/(5 − 3), అంటే 1/2. అర నిమిషంలో తేలిపోయింది.

అంకె ఎంచుకునేటప్పుడు మాత్రం కాస్త తెలివిగా ఉండాలి. హారాన్ని సున్నా చేసే అంకె ఎలాగూ పనికిరాదు, ఈ లెక్కలో 3, −3 అలాంటివి. సున్నా ఇస్తే య ఉన్న పదాలన్నీ మాయమవుతాయి కాబట్టి వాటిలో తప్పున్నా బయటపడదు. 1 ఇస్తే యకీ య²కీ తేడా తెలియదు. 2, 4, 5 లాంటివి మేలు. విలువలు కలవకపోతే జవాబు తప్పని ఖాయం. కలిస్తే సరైనదని పూర్తిగా రుజువైనట్టు కాదు గానీ, ఇంకో అంకెతో కూడా కలిసిందంటే ఈ స్థాయి లెక్కల్లో నిశ్చింతగా ఉండొచ్చు. మీకూ మీ అబ్బాయికీ వాదన వచ్చినప్పుడు కూడా ఇదే తీర్పరి. తల్లి మాట, కొడుకు మాట అని చూడదు.

మీ రెండో లెక్క వేరే జాతి:

7/(య − 2) − 3/(2 − య)

హారాలు ఒకటేనని చూసి 4/(య − 2) అని రాసేశారు. చూడ్డానికి ఒకటిలాగే ఉన్నాయి, కానీ ఒకటి కాదు. య + 2, 2 + య ఒకటే. య − 2, 2 − య మాత్రం ఒకదానికొకటి వ్యతిరేకం. యకు 5 ఇస్తే మొదటిది 3, రెండోది −3. అంటే 2 − య = −(య − 2). ఆ మైనస్‌ని హారంలోంచి తీసి భిన్నం ముందు పెట్టొచ్చు, కాబట్టి 3/(2 − య) అంటే −3/(య − 2). దాన్ని తీసేస్తున్నాం కనుక:

7/(య − 2) + 3/(య − 2) = 10/(య − 2)

య = 3 ఇచ్చి చూడండి. 7/1 − 3/(−1) = 7 + 3 = 10. జవాబూ 10/1. ఒక భిన్నంలో మైనస్ పైన ఉండొచ్చు, కింద ఉండొచ్చు, ముందు ఉండొచ్చు. మూడూ ఒకటే విలువ. కింద ఉంచితే మాత్రం ఎప్పుడో ఒకసారి మరిచిపోతాం. అందుకే హారంలో య ముందు మైనస్ కనబడితే మొదట దాన్ని బయటికి తెచ్చేయడం నా పద్ధతి.

ఇక మీ అబ్బాయి మాట. వాడు చెప్పింది తప్పు కాదమ్మా. హారాలు రెండూ గుణిస్తే వచ్చేది కూడా ఉమ్మడి హారమే. 5/6 − 3/4 లెక్కను 24 హారంతో చేస్తే 20/24 − 18/24 = 2/24, సూక్ష్మీకరిస్తే 1/12. క.సా.గు. 12తో చేస్తే 10/12 − 9/12, నేరుగా 1/12. ఎటు వెళ్లినా చేరేది ఒక్కచోటికే. అంకెల్లో తేడా ఒక్క స్టెప్పు. బీజీయ భిన్నాల్లో ఆ తేడా ఎంత పెరుగుతుందో వాడితోనే ఒకసారి చేయించండి. ఈ లెక్క ఇవ్వండి:

(య + 5)/(య² + 3య + 2) − (య − 1)/(య² + 5య + 6)

వాడి దారిలో వెళ్తే హారం (య² + 3య + 2)(య² + 5య + 6). లవంలో (య + 5)(య² + 5య + 6) − (య − 1)(య² + 3య + 2). మొదటి గుణకారం య³ + 10య² + 31య + 30. రెండోది య³ + 2య² − య − 2. ఇక్కడ తీసివేతలో నాలుగు గుర్తులు మారాలి, వాటిలో రెండు మైనస్‌లు ప్లస్‌లవ్వాలి. ఒక్కటీ తప్పకుండా చేస్తే 8య² + 32య + 32 వస్తుంది. హారాన్ని కూడా గుణించి పారేసి ఉంటే నాలుగో ఘాతం దాకా వెళ్తుంది, అక్కడి నుంచి సూక్ష్మరూపానికి రావడం చాలామంది వల్ల కాదు. హారాన్ని విప్పకుండా ఉంచినవాడికే 8(య + 2)² కింద ఉన్నవాటితో కొట్టివేయవచ్చని తట్టేది.

ఇప్పుడు క.సా.గు. దారి. ముందు హారాలను కారణాంకాలుగా విడగొట్టాలి. మొదటిది (య + 1)(య + 2). రెండోది (య + 2)(య + 3). య + 2 రెండింటిలోనూ ఉంది కాబట్టి ఒక్కసారి తీసుకుంటే చాలు. ఉమ్మడి హారం (య + 1)(య + 2)(య + 3). మొదటి భిన్నానికి య + 3 తక్కువైంది, రెండోదానికి య + 1 తక్కువైంది. ఎవరికి తక్కువైనదాన్ని వాళ్లకు పైనా కిందా ఇస్తాం. లవం:

(య + 5)(య + 3) − [(య − 1)(య + 1)]

ఆ చతురస్రపు బ్రాకెట్ చూడండి, రెండో గుణకారం మొత్తాన్నీ అది పట్టుకుంది. ముందు లోపలి గుణకారం పూర్తిచేసి బ్రాకెట్ అలాగే ఉంచుతాం:

య² + 8య + 15 − (య² − 1)

ఇప్పుడు విప్పితే య², −య² పోతాయి. 8య + 15 + 1, అంటే 8య + 16, అంటే 8(య + 2). కింద ఉన్న య + 2తో కొట్టేస్తే

8/[(య + 1)(య + 3)]

అదే బ్రాకెట్ లేకపోతే చివర్లో −1 అలాగే మిగిలి 8య + 14 వచ్చేది. దాన్ని 2(4య + 7) అని రాసుకుని, కొట్టివేయడానికి ఏమీ దొరక్క, ‘పుస్తకంలో ఇంత చిన్న జవాబు ఎలా వచ్చింది’ అని కూర్చునేవాళ్లం. య = 2తో సరిచూస్తే అసలు లెక్క 7/12 − 1/20. 60 హారంతో 35/60 − 3/60 = 32/60, అంటే 8/15. మన జవాబు 8/(3 × 5), అదీ 8/15.

రెండు దారులూ పక్కపక్కన పెట్టి చూశాక ఏది కావాలో వాడే ఎంచుకుంటాడు. ‘పుస్తకంలో అలా ఉంది కాబట్టి’ అని మాత్రం చెప్పకండి, ఆ వయసు పిల్లల దగ్గర అది చెల్లదు. హారాల్లో ఉమ్మడి కారణాంకం ఏదీ లేనప్పుడు, ఉదాహరణకు య − 1, య + 4 ఉన్నప్పుడు, క.సా.గు. అంటే వాటి లబ్ధమే. అక్కడ వాడి పద్ధతీ మీ పద్ధతీ ఒకటే అవుతాయి. ఉమ్మడిగా ఏదైనా ఉన్నప్పుడే క.సా.గు.తో పని. ఇదీ కొత్తగా వచ్చిన సంగతేం కాదు. క్రీ.శ. 850 ప్రాంతంలో మహావీరాచార్యుడు భిన్నాల కూడికకు హారాల క.సా.గు. తీసుకోవాలని, దానికి ‘నిరుద్ధం’ అని పేరుపెట్టి మరీ చెప్పాడు. ఆయన గ్రంథాన్నే 11వ శతాబ్దంలో పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు.

క.సా.గు. తీసేటప్పుడు ఒక్క చిక్కు వస్తుంది. ఒకే కారణాంకం ఒక హారంలో రెండుసార్లు, ఇంకోదాంట్లో ఒకసారి ఉంటే ఏం చేయాలి? ఎక్కువసార్లు ఉన్నదాన్ని తీసుకోవాలి. (య − 1)², (య − 1)(య + 4) ఉంటే ఉమ్మడి హారం (య − 1)²(య + 4). ఘాతం మూడు అక్కర్లేదు. అంకెలూ యలూ కలిసి ఉన్నా అంతే. 5/(6య) − 3/(4య²)లో 6కూ 4కూ క.సా.గు. 12, యకూ య²కూ య², మొత్తం 12య². మొదటి లవం 10య అవుతుంది, రెండోది 9. జవాబు (10య − 9)/(12య²). ఇందులో కొట్టివేయడానికి ఏమీ లేదు, అక్కడితో ఆపేయాలి.

ఆపేయాలని ఎందుకు నొక్కి చెబుతున్నానంటే, మీ కాగితం వెనకవైపు మీ అబ్బాయి రాసినట్టున్న ఒక లెక్కలో (య + 6)/(య + 2)లో పైనా కిందా య కొట్టేసి 6/2 = 3 అని ఉంది. కొట్టివేయడం గుణకారంలో ఉన్న కారణాంకాలకే వర్తిస్తుంది, ప్లస్ మైనస్‌లతో కలిసిన పదాలకు వర్తించదు. యకు 2 ఇచ్చి వాడికే చూపించండి. 8/4 అంటే 2, వాడు రాసింది 3. తీసివేతంతా సరిగ్గా చేసి చివరి వరుసలో ఇలా పోగొట్టుకునేవాళ్లు చాలామంది.

ఇంకో అలవాటు కూడా ముందే చెప్పి ఉంచుతాను, మీ లెక్కల్లో లేకపోయినా రేపో మాపో వస్తుంది. సమీకరణాలు సాధించేటప్పుడు రెండువైపులా ఉమ్మడి హారంతో గుణించి హారాల్ని ఎగరగొట్టేస్తాం. అది బాగా అలవాటైపోయాక పిల్లలు ఇక్కడ కూడా హారం వదిలేస్తారు, లవం మాత్రమే జవాబుగా రాస్తారు. సమీకరణంలో రెండువైపులా ఒకే పని చేస్తున్నాం కనుక సమానత్వం చెడదు. ఇక్కడ రెండోవైపు అంటూ ఏదీ లేదు. 5/6 − 3/4ని 12తో గుణిస్తే 1 వస్తుంది, కానీ అసలు విలువ 1/12. లెక్క మధ్యలో సమానం గుర్తు ఉందో లేదో చూసుకుని హారం సంగతి తేల్చుకోవాలి. ‘సాధించండి’ అన్నారా, ‘సూక్ష్మీకరించండి’ అన్నారా అన్నదే తేడా.

మామూలు సంఖ్యలోంచి భిన్నం తీసేయాల్సి వస్తే కంగారు పడనక్కర్లేదు. 3 − (య − 1)/(య + 2) అని ఉంటే 3 కింద 1 ఉందనుకోండి. ఉమ్మడి హారం య + 2. లవం 3(య + 2) − (య − 1), అంటే 3య + 6 − య + 1 = 2య + 7. జవాబు (2య + 7)/(య + 2).

మీ మొదటి లెక్క జవాబు 3 అన్నాం కదా, దానికో చిన్న షరతు ఉంది. య విలువ −3 అయితే అసలు లెక్కలో హారం సున్నా అవుతుంది, అప్పుడు ఆ లెక్కకే అర్థం లేదు. కాబట్టి యకు −3 తప్ప మిగిలిన అన్ని విలువలకీ జవాబు 3. మూడో లెక్కలో అయితే 1/(య + 3) అనే జవాబులోకి య = 3 హాయిగా వెళ్తుంది, 1/6 కూడా వస్తుంది. అసలు లెక్కలోకి మాత్రం 3 వెళ్లదు. కొట్టేసిన కారణాంకం కంటికి కనబడకపోయినా అది పెట్టిన నిషేధం అలాగే ఉంటుంది. జవాబు పక్కన ‘య ≠ 3, య ≠ −3’ అని రాసే అలవాటు ఇప్పటి నుంచే చేయించండి, పై తరగతుల్లో పనికొస్తుంది.

మీరిద్దరూ విడివిడిగా చేసి చూసుకోవడానికి మూడు లెక్కలు ఇస్తున్నాను.

(4య + 3)/(య − 5) − (య + 18)/(య − 5)

(య + 6)/(య² − 4) − 2/(య − 2)

1/య − 1/(య + 1)

మొదటిదాని జవాబు 3. రెండోదాంట్లో లవం య + 6 − 2(య + 2) అవుతుంది. దాన్ని విప్పితే −య + 2 వస్తుంది, అక్కడ చాలామంది ఆగిపోతారు. −య + 2 అంటే −(య − 2), ఇందాక చూసిన వ్యతిరేక హారం సంగతే ఇది. జవాబు −1/(య + 2).

మూడోది చాలా చిన్నది. లవంలో (య + 1) − య, అంటే 1. జవాబు 1/[య(య + 1)]. దీన్ని తిరగేసి చదివితే ‘ఈ తీసివేతలన్నీ ఎందుకు’ అనే ప్రశ్నకు మీవాడికి ఒక సమాధానం దొరుకుతుంది. 1/(1 × 2) + 1/(2 × 3) + 1/(3 × 4) అని మొదలుపెట్టి 1/(99 × 100) దాకా మొత్తం కట్టమనండి. క.సా.గు. తీస్తానంటే సాయంత్రం దాకా తీస్తూనే ఉంటాడు. ఒక్కో పదాన్నీ తీసివేతగా మార్చి రాయమనండి. మొదటిది 1 − 1/2, రెండోది 1/2 − 1/3, మూడోది 1/3 − 1/4, చివరిది 1/99 − 1/100. మధ్యలోవన్నీ ఒకదాంతో ఒకటి కొట్టుకుపోయి 1 − 1/100 మిగులుతుంది. జవాబు 99/100.